వెడల్పు పాదం, వీపున 12 కిలోలు: బూట్లు కొనాలా, ట్రైల్ రన్నర్లు చాలా?

తొలిఅడుగు:
అందరికీ నమస్కారం. బ్యాగు వీపున వేసుకుని ఐదారు రోజులు నడిచే ట్రెక్‌కి మొదటిసారి వెళ్తున్నాను. ఇంకా రెండు నెలల టైముంది. టెంటు, స్లీపింగ్ బ్యాగు, తిండి అన్నీ కలిపి 12 కిలోల దాకా తేలుతోంది. దారి సగం అడవి మట్టి, సగం రాళ్లు. మధ్యలో వాగులు దాటాలట. మంచు ఉండదు. నా పాదం ముందువైపు వెడల్పు, మామూలు బూట్లలో చిటికెనవేలు నలిగిపోతుంది. షాపులో అడిగితే చీలమండ పైదాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లే తీసుకోమన్నారు. నెట్‌లో చూస్తే సగం మంది, ట్రైల్ రన్నర్లు, అంటే కొండదారుల్లో పరిగెత్తడానికి చేసిన తేలికపాటి బూట్లు, చాలంటున్నారు. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. మీరైతే ఏం వేసుకుంటారు, ఎందుకు?

గాలిమూట:
ట్రైల్ రన్నర్లే అండీ, ఇందులో ఆలోచించడానికేం లేదు. కాళ్లకి తగిలించుకున్న బరువు వీపు మీది బరువులాంటిది కాదు. అడుగడుక్కీ దాన్ని పైకి లేపాలి, ముందుకి తేవాలి, మళ్లీ కింద ఆపాలి. పాదం మీద ఒక కిలో వీపు మీద ఐదు కిలోలతో సమానం అనే మాట నడిచేవాళ్లలో ఎప్పట్నుంచో ఉంది. అమెరికా సైన్యం కోసం 1980లలో కొలిచినప్పుడూ ఇంచుమించు ఐదారు రెట్లే వచ్చింది. బరువైన తోలు బూట్ల జత కిలోన్నర తూగితే, ట్రైల్ రన్నర్ల జత 600 గ్రాములుంటుంది. ఆ 900 గ్రాముల తేడా సాయంత్రానికి తొడల్లో తెలుస్తుంది.

ఎమ్మా గేట్‌వుడ్ గారు 1955లో, 67 ఏళ్ల వయసులో, అమెరికాలోని అపలేచియన్ ట్రెయిల్ అనే కొండదారి మొత్తం ఒంటరిగా నడిచారు. మూడు వేల కిలోమీటర్ల పైమాటే. కాళ్లకి వేసుకున్నవి మామూలు కాన్వాస్ బూట్లు.

తోలుబూటు:
గేట్‌వుడ్ గారంటే నాకూ గౌరవమే. కానీ ఆవిడ మూట సంగతి కూడా చెప్పాలి కదా. సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచీ, అందులో టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. ఆ కాన్వాస్ బూట్లు కూడా ఒక్క జత కాదు, దారి పొడుగునా అరిగినవి అరిగినట్టు మార్చుకుంటూ వెళ్లారు. ఇక్కడ అడిగినవాళ్లు మొదటిసారి 12 కిలోలు మోయబోతున్నారు.

మెత్తటి అడుగున్న బూటుతో రాళ్ల మీద నడిస్తే ప్రతి రాయి అంచూ అరికాలికి తెలుస్తుంది. మొదటి రోజు బాగానే ఉంటుంది. మూడో రోజు మధ్యాహ్నం నుంచి పాదం మధ్యలో సలుపు మొదలవుతుంది, బ్యాగు దించుకున్నా తగ్గదు. గట్టి అడుగు ఆ పని పాదానికి తప్పిస్తుంది. ఇంకో మాట, కుట్టిన తోలు బూటుకి అడుగు అరిగితే కొత్త అడుగు వేయించుకోవచ్చు. ట్రైల్ రన్నర్‌కి ఆ అవకాశం లేదు, 500 నుంచి 800 కిలోమీటర్లకి మార్చాల్సిందే.

అడుగు గురించి తేలిగ్గా మాట్లాడకూడదు. 1935లో ఆల్ప్స్‌లో వాతావరణం తిరగబడి ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. వాళ్ల తోటి ఆరోహకుడు విటాలె బ్రమానీ, అప్పట్లో వాడే మేకుల బూట్లూ గుడ్డ అడుగుల బూట్లూ ఆ చలికి, ఆ రాళ్లకి పనికిరావని గ్రహించి, లోతైన గాడులున్న రబ్బరు అడుగు తయారుచేశాడు. అలాంటి అడుగులు చేసే విబ్రమ్ కంపెనీ పేరు ఆయన పేరులోంచి వచ్చిందే. ఇవాళ మనం వేసుకునే చాలా ట్రెక్కింగ్ బూట్ల కింద ఉన్న గాడులు అక్కణ్నుంచి వచ్చినవే.

రాతిబాట:
ఇద్దరూ చెప్పింది నిజమే కానీ, బూటా రన్నరా అన్న పేర్లు పక్కన పెడదాం. చూడాల్సింది మూడు: అడుగు ఎంత గట్టిది, లోపల మీ పాదం ఎలా కూర్చుంది, తడిస్తే ఎంతసేపట్లో ఆరుతుంది. కాలర్, అంటే చీలమండ చుట్టూ వచ్చే బూటు పై అంచు, ఎంత ఎత్తు అన్నది ఆ తర్వాత సంగతి.

చీలమండ బెణక్కుండా ఎత్తు బూటు కాపాడుతుందని చాలా గట్టిగా నమ్ముతారు. దాని మీద జరిగిన పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. మెత్తటి గుడ్డ కాలరు కాలు మెలిక పడకుండా ఆపలేదు. ఆపాలంటే స్కీ బూటంత బిరుసుగా ఉండాలి, దాంతో నడవలేం. బెణుకు తప్పించేది కాలి కండరాలు, అడుగు ఎక్కడ పడుతోందో పాదానికి తెలియడం, చేతిలో కర్రలు. ఎత్తు కాలరు వల్ల నిజంగా వచ్చే లాభం ఏంటంటే, చీలమండ ఎముక రాళ్లకి గీసుకోదు, మట్టీ గులకరాళ్లూ లోపలికి రావు. ఆ రెండో పని చిన్న గెయిటర్లు, అంటే బూటు పై అంచుని కప్పుతూ చీలమండకి తొడుక్కునే గుడ్డ తొడుగులు, కూడా చేస్తాయి.

షాపులో చేతిలోకి తీసుకుని చూడండి. ఒక చేత్తో ముందుభాగం, ఇంకో చేత్తో మడమ పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పండి. పూర్తిగా మెలి తిరిగితే 12 కిలోలతో రాళ్ల మీదికి వద్దు. కొంచెం తిరిగి ఆగిపోతే బాగుంది. తర్వాత ముందుభాగాన్ని పైకి వంచండి. వేళ్లు వంగే చోటే వంగాలి, మధ్యలో మడత పడకూడదు. చాలా ట్రైల్ బూట్లలో అరికాలు కింద పలచటి ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని రాక్ ప్లేట్ అంటారు. తోలుబూటు గారు చెప్పిన సలుపుకి అది చాలావరకు జవాబు.

వానమబ్బు:
వాగులు అన్నారు కాబట్టి వాటర్‌ప్రూఫ్ సంగతి నేను చెప్తాను. షాపువాళ్ల మాట దగ్గర కొంచెం ఆగండి.

ఈ బూట్ల లోపల పలచటి పొర ఉంటుంది. టెఫ్లాన్ పదార్థాన్ని ఒక్కసారిగా సాగదీస్తే కంటికి కనబడని కోట్ల రంధ్రాలు ఏర్పడతాయని 1969లో బాబ్ గోర్ కనిపెట్టారు. గోర్‌టెక్స్ అనే వాటర్‌ప్రూఫ్ పొర అక్కణ్నుంచి వచ్చింది. రంధ్రం నీటిబొట్టు కన్నా చాలా చిన్నది, ఆవిరి కన్నా పెద్దది. అందుకని బయటి నీళ్లు రావు, లోపలి చెమట ఆవిరై పోతుంది. చలిలో, తడి గడ్డిలో, బురదలో ఇది చక్కగా పనిచేస్తుంది.

చిక్కంతా వాగు దగ్గర. నీళ్లు చీలమండ దాటాయంటే పై నుంచి లోపలికి వచ్చేస్తాయి. ఏ నీళ్లనీ లోపలికి రానివ్వని ఆ పొరే వచ్చిన నీళ్లని బయటికీ పోనివ్వదు. జాలీ గుడ్డ బూటైతే వాగు దాటి అరగంట నడిస్తే నీళ్లు పిండుకుపోతాయి, రెండు మూడు గంటల్లో మామూలుగా ఉంటుంది. పొర ఉన్న తోలు బూటు మర్నాడు పొద్దున్నకి కూడా చెమ్మగానే ఉంటుంది. వేడి వాతావరణంలో అయితే వాగు కూడా అక్కర్లేదు, మీ చెమటే చాలు. బయట తేమ, వేడి ఎక్కువుంటే ఆవిరి బయటికి వెళ్లడానికి దారి ఉండదు.

కాబట్టి లెక్క ఇది. చలి ఉండి, నీళ్లు చీలమండ లోపే ఉంటే వాటర్‌ప్రూఫ్. వెచ్చగా ఉండి, కాళ్లు ఎలాగూ తడుస్తాయని తెలిస్తే తొందరగా ఆరేది.

వాగులో బూట్లు విప్పి ఒట్టికాళ్లతో మాత్రం దిగకండి. చల్లటి నీళ్లకి పాదం మొద్దుబారుతుంది, కింద నాచు పట్టిన రాయి ఉంటుంది, వీపున బరువు ఉంటుంది. బూట్లతోనే దాటండి. అవతల ఒడ్డున ఇన్‌సోల్ (బూటు లోపల అరికాలి కింద విడిగా వచ్చే మెత్త) తీసి నీళ్లు వంచేసి, సాక్సులు పిండి మళ్లీ తొడుక్కోండి.

తొలిఅడుగు:
చాలా థాంక్స్. వాగుల్లో నీళ్లు మోకాలి దాకా ఉండొచ్చంటున్నారు, వాతావరణం వెచ్చగానే ఉంటుంది. అంటే వాటర్‌ప్రూఫ్ వద్దనే అర్థమైంది. వెడల్పు సంగతి చెప్పండి. ఒక సైజు పెద్దది తీసుకుంటే సరిపోతుందా?

నెమ్మదినడక:
సరిపోదు. ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, కొంచెం వివరంగా రాస్తాను.

ప్రతి కంపెనీ బూటుని ఒక అచ్చు మీద తయారుచేస్తుంది. పాదం ఆకారం ఎలా ఉంటుందని ఆ కంపెనీ అనుకుందో అదే ఆ అచ్చు. అందుకే ఒక కంపెనీలో 9 సరిపోయిన కాలికి ఇంకో కంపెనీలో 10 కూడా బిగుతుగా ఉంటుంది. పొడవు పెంచితే వెడల్పు కాస్తే పెరుగుతుంది, కానీ బూటు వంగే చోటు ముందుకి జరిగిపోతుంది. మీ వేళ్లు ఒకచోట వంగుతాయి, బూటు ఇంకోచోట వంగుతుంది. పైభాగం వేళ్ల మీద మడతపడి కోస్తుంది, వెనక మడమ లేస్తుంది. వెడల్పు పాదానికి వెడల్పు అచ్చే కావాలి. కొన్ని కంపెనీలు ఒకే మోడల్‌ని వెడల్పుగా కూడా చేస్తాయి, అది అడగండి. వేళ్ల దగ్గర పాదం ఆకారంలోనే విశాలంగా చేసేవీ ఉన్నాయి, అవీ చూడండి.

షాపుకి సాయంత్రం వెళ్లండి. రోజంతా నిలబడి తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, ట్రెక్‌లో అంతకన్నా ఎక్కువ ఉబ్బుతుంది. ట్రెక్‌లో వేసుకోబోయే సాక్సులే వేసుకుని వెళ్లండి. బూటు తొడుక్కునే ముందు లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి, బరువంతా ఆ కాలి మీద వేసి. చిటికెనవేలు ఇన్‌సోల్ అంచు దాటి నేలకి తగులుతోందా? ఆ బూటు ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. తోలు కొంచెం సాగుతుందని చెప్తారు. పైభాగం సాగుతుంది కానీ అడుగు వెడల్పు పెరగదు.

వెడల్పు సరిపోతే పొడవు చూడండి. లేసులు వదులు చేసి, వేళ్లు ముందు తగిలేలా పాదం ముందుకి తోయండి. మడమ వెనక చూపుడువేలు దూరాలి. తర్వాత మడమ వెనక్కి ఆన్చి లేసులు కట్టి, వాలు పలక ఉంటే దాని మీద దిగుతూ నాలుగు అడుగులు గట్టిగా వేయండి. వేళ్లు ముందుకి తగిలాయంటే అసలు దిగుడులో గోళ్లు నల్లబడతాయి. పైకి ఎక్కుతూ మడమ చూసుకోండి. కొద్దిగా లేస్తే ఫర్వాలేదు, రాసుకుంటుంటే వద్దు. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు చాలామందికి, పెద్దదానికే సరిచూడండి.

బ్యాగు తీసుకెళ్లి, 12 కిలోలు కాకపోయినా కొంత బరువు వేసుకుని నిలబడగలిగితే ఇంకా మంచిది. బరువు పడితే పాదం వంపు కొంచెం కిందికి దిగి పాదం పొడవు పెరుగుతుంది. షాపులో ఒట్టి వీపుతో సరిపోయింది ట్రెక్‌లో బిగుతవడానికి ఇదో కారణం.

గాలిమూట:
వేళ్ల దగ్గర విశాలంగా ఉండేవాటిల్లో చాలావరకు జీరో డ్రాప్ ఉంటాయి. మడమ, ముందుభాగం ఒకే ఎత్తులో ఉంటాయన్నమాట. నేను అవే వాడతాను. ఒకసారి అలవాటైతే మళ్లీ మామూలువి వేసుకోబుద్ధి కాదు.

నెమ్మదినడక:
గాలిమూట గారూ, అది ఏళ్లుగా వాడుతున్న మీకు. మామూలు బూట్లలో మడమ 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా సున్నా చేస్తే కాలిపిక్క, దాని కింద మడమకి అతుక్కునే పెద్ద స్నాయువు రెండూ రోజూకన్నా ఎక్కువ సాగాలి. పైగా 12 కిలోలతో ఎక్కుడు. స్నాయువులు కండరాలంత తొందరగా అలవాటు పడవు. రెండు నెలల్లో మొదటి ట్రెక్ ఉన్నవాళ్లు 4 నుంచి 8 మధ్యలో చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

గాలిమూట:
నిజమే, ఒప్పుకుంటున్నాను. వెడల్పు మోడళ్లలో 4 మిల్లీమీటర్లవీ దొరుకుతున్నాయి ఇప్పుడు.

అటకమీద:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాన్నగారి ట్రెక్కింగ్ బూట్లు ఉన్నాయి, పదేళ్ల కిందటివి. ఒకట్రెండు సార్లే వాడారు, పెట్టెలో కొత్తవాటిలా ఉన్నాయి. నా కాలికి సరిగ్గా సరిపోయాయి. వచ్చే నెల వాడొచ్చా?

తోలుబూటు:
దయచేసి ముందు ఇది చదవండి.

బరువైన బూట్లలో చాలావాటికి పైభాగానికీ రబ్బరు అడుగుకీ మధ్య పాలియూరథేన్ అనే నురగ పొర ఉంటుంది. గాలిలో తేమ దానిలోకి చేరి లోపలి రసాయన బంధాలని మెల్లగా తెంచుతుంది. బూటు వాడినా వాడకపోయినా ఇది జరుగుతూనే ఉంటుంది. పెట్టెలో మూసి పెట్టినవాటిలో ఇంకా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే తేమ అక్కడే ఉండిపోతుంది. ఐదు నుంచి పదేళ్లలో ఆ పొర పెళుసెక్కిపోతుంది. పైకి ఏమీ తెలియదు, తోలు మెరుస్తూనే ఉంటుంది. దారిలో కొన్ని గంటలు నడిచాక పొర పొడిపొడిగా రాలి, అడుగు మొత్తం ఊడి చేతికి వస్తుంది. అదీ రెండు బూట్లకీ ఇంచుమించు ఒకేసారి.

అడుగుకి పైన, పక్కవైపు కనబడే ఆ పొర మీద బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గుంట పడి తిరిగి లేస్తే కొంత నయం. సన్నటి పగుళ్లు కనబడినా, పొడి రాలినా, జిగటగా తగిలినా ట్రెక్‌కి వద్దు. పరీక్షలో బాగున్నట్టు కనిపించినా ముందు ఇంటి చుట్టుపక్కలే బరువుతో కొన్ని రోజులు నడిచి చూడండి. తోలు బాగుండి, అడుగు మార్చుకునే రకమైతే కొత్త అడుగు వేయించండి. నాన్నగారి బూట్లు ఇంకో పదేళ్లు మీతో నడుస్తాయి.

అటకమీద:
గోరుతో నొక్కితే చిన్న ముక్క ఊడి వచ్చింది. ఎంత పెద్ద ప్రమాదం తప్పించారండీ. అడుగు వేయించే చోటు వెతుకుతాను.

రాతిబాట:
ట్రైల్ రన్నర్లలో ఎక్కువగా ఈవీఏ అనే నురగ వాడతారు, అది ఇలా పొడి కాదు. కానీ వాడేకొద్దీ అణిగిపోతుంది. కింద గాడులు బాగానే కనబడుతున్నా కుషన్ పోయి ఉంటుంది. పక్కవైపు అడ్డంగా ముడతలు పడి, అవి విప్పాక కూడా పోకపోతే దాని పని అయిపోయినట్టే.

తొలిఅడుగు:
సాయంత్రం వెళ్లి వచ్చాను. ఇన్‌సోల్ పరీక్షలోనే చూసిన జతల్లో సగం పైగా పోయాయి! చివరికి ఒకటి మిగిలింది. కాలర్ తక్కువ, జాలీ గుడ్డ, రాక్ ప్లేట్ ఉంది, గాడులు 5 మిల్లీమీటర్లు, డ్రాప్ 6. ముందు హాయిగా ఉంది. వాలు మీద దిగితే వేళ్లు తగల్లేదు. ఎక్కేటప్పుడు మాత్రం కుడి మడమ కొంచెం జారుతోంది. ఇది వదులుకోవాలా?

నెమ్మదినడక:
వదులుకోకండి. లేసు కట్టే పద్ధతి మార్చి చూడండి. పైన చివర, పక్కకి జరిగి ఒక అదనపు రంధ్రం కనబడుతోంది చూశారా? చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అది ఉన్నది ఇందుకే. లేసుని మామూలుగా పై దాకా కట్టుకుంటూ వచ్చి, చివర రెండోవైపుకి దాటించకుండా, అదే పక్కనున్న ఆ ఖాళీ రంధ్రంలోకి బయటినుంచి లోపలికి దూర్చండి. చిన్న ఉచ్చు ఏర్పడుతుంది. రెండువైపులా అలాగే చేయండి. ఇప్పుడు కుడి కొసని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసని కుడి ఉచ్చులోంచి తీసి, పైకి కాకుండా వెనక్కి, మడమవైపు లాగి బిగించండి. చీలమండ ముందు వంపు దగ్గర పట్టు వస్తుంది, మడమ వెనక్కి కూర్చుంటుంది. మడమ దగ్గర బిగిస్తున్నాం కదా అని వేళ్ల మీది లేసు బిగించకండి. మీ పాదానికి అక్కడ వదులే కావాలి.

దిగుడు మొదలయ్యే ముందు ఒకసారి ఆగి మళ్లీ కట్టుకోండి. ఆ రెండు నిమిషాలు బద్ధకించేవాళ్లకే గోళ్లు పోతాయి.

తొలిఅడుగు:
మళ్లీ షాపుకి వెళ్లి చేసి చూశాను. జారడం ఆగింది! సాక్సులు, బొబ్బల సంగతి కూడా చెప్పేయండి.

వానమబ్బు:
నూలు సాక్సులు వద్దు. తడి పీల్చుకుని వదలవు. మెరీనో ఊలు గానీ, సింథటిక్ గానీ, పాదానికి ముడతల్లేకుండా అతుక్కునేవి తీసుకోండి. నడవడానికి రెండు జతలు, పడుకోవడానికి ఒకటి. పడుకునే జతని పగలు ముట్టుకోకండి, ఎంత అవసరం వచ్చినా సరే. రాత్రంతా పాదాలు పొడిగా ఉంటేనే పగలంతా నానిన చర్మం మళ్లీ గట్టిపడుతుంది. మీ దారిలో వాగులు ఉన్నాయి కాబట్టి ఇది మీకు చాలా ముఖ్యం.

బొబ్బ పైపై రాపిడి వల్లే వస్తుందనుకుంటారు. అసలు జరిగేది లోపల. చర్మం సాక్సుకి అతుక్కుని ఆగిపోతుంది, లోపల ఎముక ముందుకీ వెనక్కీ కదులుతూ ఉంటుంది. మధ్యలో చర్మం పొరలు సాగి విడిపోతాయి, ఆ సందులో నీరు చేరుతుంది. తడి చర్మం సాక్సుకి ఇంకా ఎక్కువ అతుక్కుంటుంది. అందుకే ఎక్కడైనా వెచ్చగా, చురుకుమన్నట్టు అనిపించిన క్షణమే ఆగాలి. బ్యాచ్ ముందుకి వెళ్లిపోతున్నా ఆగాలి. బూటు విప్పి, ఇసుక ఉంటే దులిపి, చర్మం పొడిగా తుడిచి, గట్టిగా అంటుకునే స్పోర్ట్స్ టేపు ముడత లేకుండా వేయండి. టేపు మూలలు గుండ్రంగా కత్తిరిస్తే సాక్సుకి తగులుకుని లేవదు. బొబ్బ వచ్చేస్తే పై చర్మం మాత్రం పీకకండి, దాన్ని మించిన కట్టు లేదు.

షుగర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, ఆ చురుకు మీకు తెలియకపోవచ్చు. ట్రెక్‌కి ముందు డాక్టర్‌కి పాదాలు చూపించండి, దారిలో ప్రతి పూటా కళ్లతో చూసుకోండి.

తోలుబూటు:
తడిసిన బూట్లని మంట దగ్గర పెట్టొద్దు. అడుగు అంటించే జిగురు వేడికి వదిలేస్తుంది, తోలైతే బిరుసెక్కి పగులుతుంది. ఇన్‌సోల్ తీసేసి, నాలుక బయటికి లాగి, గాలి తగిలేలా పెట్టండి.

ఒక మాట మాత్రం రాసి పెట్టుకోండి. ఈ దారికి మీరు ఎంచుకున్నది సరైనదే, నేను కాదనను. రేపు మంచు ఉన్న ట్రెక్‌కో, 20 కిలోల బరువుతోనో వెళ్తే ఇవే చాలనుకోవద్దు. మంచుకి క్రాంపాన్లు, అంటే జారకుండా బూటు కింద తగిలించే ఇనుప ముళ్ల చట్రాలు, తగిలించాలంటే అడుగు బాగా గట్టిగా ఉండాలి. మెత్తటి బూటు వంగి క్రాంపాన్ ఊడిపోతుంది.

రాతిబాట:
ఇందులో నాకూ రెండో మాట లేదు.

తొలిఅడుగు:
ఆ జతే కొన్నాను. ఇప్పుడు ఈ రెండు నెలలు ఎలా వాడాలి? తోలు బూట్లలా ముందు కొన్నాళ్లు వేసుకుని అలవాటు చేసుకోవాలా?

నెమ్మదినడక:
బూటుకి అక్కర్లేదు, మీ పాదానికి కావాలి. మొదటి వారం ఇంట్లో వేసుకోండి, అడుగు మాయకుండా. ఎక్కడైనా నొక్కితే మార్చుకునే వీలుంటుంది. తర్వాత ఖాళీ బ్యాగుతో, ఆపైన వారం వారం కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ నడవండి. మెట్లు, గట్లు, వాలు ఏది దొరికితే అది, చదును రోడ్డు మీదే కాదు. ఒక రోజు కావాలనే బూట్లు సాక్సులతో సహా తడిపేసి రెండు మూడు గంటలు నడవండి. మీ చర్మం ఎక్కడ చురుక్కుమంటుందో అప్పుడే తెలుస్తుంది, ట్రెక్‌లో పొద్దున్నే అక్కడ ముందుగానే టేపు వేసుకోవచ్చు. బయల్దేరడానికి మూడు నాలుగు రోజుల ముందు గోళ్లు అడ్డంగా, నేరుగా కత్తిరించుకోండి. మూలలు లోపలికి కోయకండి.

గాలిమూట:
అదనపు లేసుల జత ఒకటి బ్యాగులో పెట్టుకోండి. ఇప్పుడున్నవాటికన్నా ఒక జానెడు పొడుగువి తీసుకోండి, నెమ్మదినడక గారు చెప్పిన ఉచ్చుకి పొడవు ఎక్కువ పడుతుంది.